జర్మనీలో మొదటి వారం: 26న దిగుతున్నా, రూమ్ 1న. ఏ పని ముందు, ఏది తర్వాత?

#1 కృష్ణాతీరం

అన్నలకు, అక్కలకు నమస్తే. వింటర్ సెమిస్టర్‌కి మాగ్దెబుర్గ్ వెళ్తున్నాను, మాస్టర్స్. వీసా చేతికొచ్చింది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, 2026 సెప్టెంబర్ 26 శనివారం దిగుతాను. స్టూడెంట్ హాస్టల్లో రూమ్ దొరికింది, కాంట్రాక్టు మాత్రం అక్టోబర్ 1 నుంచి. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకు కొంతే తీయగలిగే ఖాతా) 11,904 యూరోలు వేశాం. పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేశాను.

మూడు సందేహాలు. మొదటి వారం ఏ పని ముందు పెట్టుకోవాలి? చేతిలో ఎంత డబ్బు ఉండాలి? అమ్మ రెండు కిలోల నెయ్యి, చికెన్ పచ్చడి, పూతరేకులు, కరివేపాకు సర్దుతోంది, ఎయిర్‌పోర్టులో ఇబ్బందా?

#2 ఎల్బేగట్టు

తమ్ముడూ, సామాను సంగతి తర్వాత. ముందు క్యాలెండర్ దగ్గర పెట్టుకో.

26 శనివారం. 27 ఆదివారం, సూపర్ మార్కెట్లతో సహా దుకాణాలన్నీ మూత. అక్టోబర్ 1 గురువారం, 2 శుక్రవారం. 3వ తేదీ శనివారం జర్మనీ ఏకీకరణ దినం, దేశమంతా సెలవు. 4 మళ్ళీ ఆదివారం. అంటే రూమ్ చేతికొచ్చాక ఆఫీసులు తెరిచి ఉండేది రెండే రోజులు, శుక్రవారం చాలా ఆఫీసులు మధ్యాహ్నానికే కట్టేస్తాయి. 2వ తేదీ సాయంత్రంలోపు సరుకులు తెచ్చుకోకపోతే 5 సోమవారం దాకా స్టేషన్లలో ఉండే ఖరీదైన కొట్లే దిక్కు.

హాస్టల్ తాళాలు ఇచ్చేది హౌస్‌మైస్టర్, అంటే బిల్డింగ్ కేర్‌టేకర్. ఆయన ఉండేది పని దినాల్లో, రోజుకు కొద్ది గంటలే. సాయంత్రం ఆరింటికి సూట్‌కేసులతో వెళ్తే తలుపు తీసేవాళ్ళుండరు. ఇప్పుడే మెయిల్ రాసి 1వ తేదీకి టైము ఖాయం చేసుకో. కాంట్రాక్టు మొదలవకముందు తాళం ఇమ్మంటే ఇవ్వరు. 26 రాత్రి నుంచి 30 రాత్రి దాకా అయిదు రాత్రులకు టూరిస్టు హాస్టలో, హోటలో ముందే బుక్ చేసుకోవాల్సిందే.

ఇక పనుల వరస. ఇక్కడ ప్రతి కాగితమూ ఇంకో కాగితం అడుగుతుంది. కాబట్టి మధ్యలోంచి మొదలుపెట్టడం కుదరదు.

ఇల్లు ఉంటే అన్మెల్డుంగ్, అంటే నగరంలో చిరునామా నమోదు. ఆ నమోదు కాగితం ఉంటే బ్యాంకు ఖాతా తేలిక. ఖాతా ఉంటే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు 992 యూరోలు కదులుతాయి. ఖాతా ఉంటేనే ఇన్సూరెన్స్ వాళ్ళు, హాస్టల్ వాళ్ళు నెలనెలా డబ్బు లాక్కునే ఏర్పాటు జరుగుతుంది. ఇవన్నీ ఒక ఫైల్లో చేరాకే ఆఉస్‌లెండర్‌బెహ్యోర్డె, అంటే విదేశీయుల ఆఫీసుకి రెసిడెన్స్ పర్మిట్ కోసం వెళ్ళడం.

అన్మెల్డుంగ్‌కి చట్టం ఇచ్చిన గడువు ఇంట్లో దిగిన రోజు నుంచి రెండు వారాలు. నీ లెక్క 1వ తేదీ నుంచి మొదలు, హోటల్ రోజులు అందులోకి రావు. ఆ రెండు వారాల్లో అపాయింట్‌మెంట్ దొరకలేదని కంగారు పడకు. గడువులోపలే బుక్ చేసినట్టు మెయిల్ దాచుకుంటే మామూలుగా ఎవరూ అడగరు. బుకింగ్ ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. అక్టోబర్ మొదట్లో వందల మంది విద్యార్థులు ఒకేసారి దిగుతారు, స్లాట్లు పోతాయి. ఇవాళే చూడు. ఏమీ కనబడకపోతే పొద్దున్నే మళ్ళీ తెరువు, రద్దయినవి అప్పుడప్పుడూ పైకొస్తాయి.

పట్టుకెళ్ళాల్సినవి: వీసా ఉన్న పాస్‌పోర్టు, నింపిన ఫారం, వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం. ఈ మూడోది దగ్గరే చాలామంది తిరిగొస్తారు. ఇల్లు ఇచ్చినవాళ్ళు 'ఫలానా మనిషి ఫలానా తేదీన ఇక్కడ దిగాడు' అని సంతకం పెట్టి ఇచ్చే పత్రం అది. అద్దె కాంట్రాక్టు దానికి బదులు చెల్లదు. తాళం తీసుకునే రోజే అడిగి తీసుకో.

#3 రైలుపిచ్చి

ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో రెండు స్టేషన్లు ఉన్నాయి. లోకల్ రైళ్ళది వేరు, ఐసీఈలు, అంటే దూరం వెళ్ళే వేగం రైళ్ళు ఆగే ఫెర్న్‌బాన్‌హోఫ్ వేరు. బోర్డు చూసి నడవండి.

టికెట్ విషయంలో జాగ్రత్త. చౌకగా కనిపించే స్పార్‌ప్రైస్ టికెట్ మీరు ఎంచుకున్న ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. విమానం ఆలస్యమై రైలు పోతే టికెట్టూ పోయినట్టే. విమానం దిగాక ఇమ్మిగ్రేషన్, లగేజీ కలిపి కనీసం రెండున్నర గంటలు వదలండి. లేదంటే డబ్బు ఎక్కువైనా ఆ రోజు ఏ రైలైనా ఎక్కగలిగే ఫ్లెక్స్‌ప్రైస్ తీసుకోండి. లుఫ్తాన్సాలో వస్తుంటే విమానం టికెట్‌తో పాటే రైల్ అండ్ ఫ్లై కలుపుకునే వీలుందేమో చూడండి, అందులో రైలు మారినా ఇబ్బంది ఉండదు.

ఇంకోటి. డాయిచ్‌లాండ్ టికెట్, అంటే దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు, ట్రామ్‌లలో చెల్లే నెల టికెట్, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. అది క్యాలెండర్ నెల లెక్కన నడిచే చందా. 26న దిగి సెప్టెంబర్‌కి కొంటే నాలుగైదు రోజుల కోసం నెల డబ్బు పోవచ్చు. పైగా అది ఐసీఈ, ఐసీ రైళ్ళలో చెల్లదు, కాబట్టి ఎయిర్‌పోర్ట్ ప్రయాణానికి పెద్దగా కలిసిరాదు. ఆ నాలుగు రోజులూ ట్రామ్‌కి విడి టికెట్లో, డే టికెట్టో చాలు. అక్టోబర్ నుంచి సెమిస్టర్ ఫీజులోనే టికెట్ కలిసి ఉందేమో యూనివర్సిటీ పేజీలో చూసుకోండి. దేశవ్యాప్త సెమిస్టర్ టికెట్ ధర మామూలు టికెట్ ధరలో 60 శాతమే. అది ఉండి కూడా విడిగా చందా కట్టేవాళ్ళు ఉంటారు. పొరపాటున కొంటే గుర్తుపెట్టుకోండి, నెలాఖరుకు ఆగాలంటే ఆ నెల 10వ తేదీలోపే రద్దు చేయాలి.

టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. 'కొత్తగా వచ్చాను' అన్నది అక్కడ పనికిరాదు. పేపర్ టికెట్ కొంటే కొన్ని ఊళ్ళలో ఎక్కే ముందో, ఎక్కగానో మిషన్లో ముద్ర కొట్టుకోవాలి. ముద్ర లేని టికెట్‌ని టికెట్ లేనట్టే లెక్కేస్తారు.

#4 ఓరుగల్లు_పోరడు

గిదంతా ఎందుకు తమ్మీ, ఫ్లైటే మార్చుకో. 29 మంగళవారమో, 30 బుధవారమో దిగు. అయిదు రాత్రుల హోటల్ పైసలు మిగులుతయ్. టికెట్ మార్చే ఫీజు హోటల్ ఖర్చు కంటే తక్కువుంటే ఇంకేం ఆలోచించకు. శనివారం రాత్రి తెల్వని ఊర్ల దిగి, ఆదివారం అన్నీ బంద్ ఉండంగ సిమ్ లేక, సరుకుల్లేక కూసునుడు ఎందుకు?

#5 ఎల్బేగట్టు

ఓరుగల్లు తమ్ముడి మాట డబ్బుల లెక్కలో కరెక్టే. కానీ ఓరియెంటేషన్ తేదీలు చూడకుండా మార్చొద్దు. కొన్ని డిపార్ట్‌మెంట్లు అక్టోబర్ 1కి ముందే పరిచయ కార్యక్రమాలు పెడతాయి, ఎన్‌రోల్‌మెంట్ కౌంటర్, క్యాంపస్‌లోనే ఇన్సూరెన్స్ వాళ్ళ డెస్కు ఆ రోజుల్లోనే ఉంటాయి. 28, 29, 30 మూడూ పని దినాలే. ఇల్లు లేకుండా చేయగలిగిన పనులు ఆ మూడు రోజుల్లో తీరిపోతాయి: సిమ్, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్, ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడడం, బ్యాంకులో అపాయింట్‌మెంట్ తీసుకోవడం. ఓరియెంటేషన్ అక్టోబర్ రెండో వారంలో ఉంటే మాత్రం 30న దిగడమే మేలు.

#6 లెక్కలక్క

డబ్బు గురించి. బ్లాక్డ్ అకౌంట్‌లో పదకొండు వేలున్నాయన్న ధైర్యం మొదటి మూడు వారాలు పనికిరాదు. ఆ డబ్బు కదలాలంటే మీ పేరున జర్మన్ ఐబాన్ (బ్యాంకు ఖాతా నంబరు) ఉండాలి, చాలా ప్రొవైడర్లు చిరునామా నమోదు పత్రం కూడా అప్‌లోడ్ చేయమంటారు. వాళ్ళు సరిచూడడానికి మళ్ళీ కొన్ని పని దినాలు. అక్టోబర్ 20 దాకా అక్కడి నుంచి ఒక్క యూరో రాదనుకునే లెక్క వేసుకోండి.

ఆ లోపు ఖర్చులు: అయిదు రాత్రుల బస (టూరిస్టు హాస్టల్ మంచం రాత్రికి 30 నుంచి 50 యూరోలు), రైలు, మొదటి నెల అద్దె, డిపాజిట్ ముందే కట్టకపోతే అది, పరుపు దుప్పట్లు గిన్నెలు, తిండి. ఇన్సూరెన్స్ నెలకు దాదాపు 145 యూరోలు. అది కొంచెం ఆలస్యంగా లాక్కున్నా అక్టోబర్ నెలది కలిపే లాక్కుంటారు.

నా సలహా: 400 యూరోలు నోట్లుగా, 800 నుంచి 1,000 ఫారెక్స్ కార్డులో. నోట్లు 10, 20, 50 మాత్రమే తీసుకోండి. 100, 200 నోటు బేకరీలో చూపిస్తే మొహం చిట్లిస్తారు. కార్డు ఒక్కటే నమ్ముకుంటే చిన్న కొట్లలో దెబ్బతింటారు, వీసా, మాస్టర్ కార్డు తీసుకోకుండా జర్మన్ బ్యాంకు జిరోకార్డో, నగదో మాత్రమే తీసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫారెక్స్ కార్డు పిన్ విమానం ఎక్కేముందే ఒకసారి వాడి చూసుకోండి. ఇండియా బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌కి రోమింగ్‌లో మెసేజీలు వచ్చే ప్యాక్ ఉండాలి, లేకపోతే ఎడ్యుకేషన్ లోన్ పోర్టల్ కూడా తెరవలేరు.

#7 కృష్ణాతీరం

ధన్యవాదాలు అక్కా, అన్నా. ఓరియెంటేషన్ 29న మొదలని ఇప్పుడే చూశాను, కాబట్టి 26నే వస్తాను. ఇంకో ఆలోచన: అక్కడ మా సీనియర్ ఒకరున్నారు. ఆయన ఇంటి చిరునామా మీద ముందే 28న రిజిస్టర్ చేసుకుని, తర్వాత హాస్టల్‌కి మార్చుకుంటే బ్యాంకు పని తొందరగా అవుతుంది కదా?

#8 ఎల్బేగట్టు

అక్కడ నిజంగా ఉండకుండా చిరునామా మాత్రమే వాడుకోవడం చట్టరీత్యా తప్పు. చిరునామా అలా వాడుకోనిచ్చినవాళ్ళకి జరిమానా 50,000 యూరోల దాకా వేయొచ్చని రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. సీనియర్‌ని ఆ ఇరకాటంలో పెట్టకు. పైగా ఆయన కూడా అద్దెకుంటే ఓనరు అనుమతి కావాలి. లాభం కూడా పెద్దగా లేదు. మూడు రోజులు ముందు నమోదైనా వారంలో మళ్ళీ ఇంకో అపాయింట్‌మెంట్ వెతుక్కుని చిరునామా మార్చుకోవాలి, ఈలోపు ఉత్తరాలు ఒకటి పాత ఇంటికి, ఒకటి కొత్త ఇంటికి.

ఉత్తరాలంటే గుర్తొచ్చింది. పోస్టు డబ్బా మీద నీ పేరు. జర్మనీలో మామూలుగా ఫ్లాట్ నంబర్లు ఉండవు, పోస్ట్‌మన్ పేరు చూసే వేస్తాడు. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్ళిపోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. బ్యాంకు కార్డు, దాని పిన్ (రెండూ వేర్వేరు రోజుల్లో వస్తాయి), ఇన్సూరెన్స్ కార్డు, 11 అంకెల ట్యాక్స్ నంబరు, విదేశీయుల ఆఫీసు పిలుపు, అన్నీ కాగితం మీదే. మనవాళ్ళకి ఇక్కడ ఇంకో చిక్కు: పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్‌గా ఉంటుంది, అందరూ పిలిచే పేరు వేరు. డబ్బా మీద పిలుపు పేరు రాస్తే ఇంటిపేరుతో వచ్చిన ఉత్తరం తిరిగిపోతుంది. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు, మొదటి పేరు రెండూ రాయి. తాళం తీసుకున్న నిమిషంలోనే టేపుతో కాగితం అంటించు, హౌస్‌మైస్టర్ అచ్చు బోర్డు తర్వాత పెడతాడు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు అయితే మొత్తం పేరు ఏ గడిలో ఉందో బ్యాంకు, ఇన్సూరెన్స్, యూనివర్సిటీ మూడు చోట్లా అదే గడిలో రాయించు.

#9 వంటింటి_సైంటిస్టు

అమ్మగారి సంచి సంగతి నేను చెబుతాను.

నెయ్యి వద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం పదార్థాలు ప్రయాణికులు తెచ్చుకోవడం నిషేధం, అది రెండు కిలోలైనా, రెండు వందల గ్రాములైనా. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అందులోకే వస్తాయి. పాలకోవా కూడా అదే బాపతు. నెయ్యి పూసిన పూతరేకులు, నేతి మైసూర్‌పాక్ కూడా ఆపేయొచ్చు. పట్టుబడితే తీసి పారేస్తారు, పైన జరిమానా పడొచ్చు. కరివేపాకు కూడా కుదరదు. తాజా ఆకులు, కూరలు, పండ్లు, విత్తనాలకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అది అక్కర్లేని పండ్లు అయిదే: అనాస, కొబ్బరి, దూరియన్, అరటి, ఖర్జూరం.

ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, కందిపొడి, చింతపండు, ఇంగువ హాయిగా తెచ్చుకోవచ్చు. రొయ్యల పచ్చడికి మాంసం నిషేధం వర్తించదు, చేపల కింద లెక్క. పచ్చడి సీసాలో వద్దు. మందపాటి ప్లాస్టిక్ డబ్బా, మూత చుట్టూ టేపు, దాని మీద రెండు జిప్ కవర్లు, చెక్-ఇన్ లగేజీలో. క్యాబిన్ బ్యాగులో పెడితే నూనె పచ్చడిని ద్రవంగా లెక్కేసి సెక్యూరిటీలోనే ఆపేస్తారు.

నెయ్యికి దిగులు పడొద్దు. ఏ సూపర్ మార్కెట్లోనైనా బుటర్‌ష్మాల్ట్స్ అని డబ్బాలో దొరుకుతుంది, కరిగించిన వెన్నే. రుచి మన కమ్మటి నెయ్యంత ఉండదు. కొంచెం మెంతులు వేసి సన్నసెగ మీద కాచి వడకడితే దగ్గరికొస్తుంది. పెరుగుకి 'నాటూర్ యోగుర్ట్, 3.5 శాతం' అని ఉన్నది. కందిపప్పు, సోనామసూరి మామూలు మార్కెట్లో ఉండవు, ఏషియన్ షాపులో అడగాలి. కాబట్టి మొదటి వారానికి ఒక కిలో కందిపప్పు, అరకిలో పోపు సామాను చాలు, పది కిలోల బియ్యం మోయొద్దు.

కుక్కర్: హాస్టల్లో గ్యాస్ ఉండదు. గాజు పలక స్టవ్ అయితే అల్యూమినియం కుక్కర్ పనిచేస్తుంది, అడుగు చదునుగా ఉండాలి. ఇండక్షన్ అయితే అల్యూమినియం వేడెక్కనే వేడెక్కదు. ఏది ఉందో తెలియకపోతే ఇండక్షన్ బేస్ స్టీలు కుక్కర్, మూడు లీటర్లది, రెండిటికీ సరిపోతుంది. విడి గ్యాస్కెట్ ఒకటి, సేఫ్టీ వాల్వ్ ఒకటి పెట్టుకోండి, అక్కడ ఆ సైజు దొరకదు. కరెంటు 230 వోల్టులే, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌కి కన్వర్టర్ అక్కర్లేదు. మన మూడు కాళ్ళ ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్లో దూరదు. ఒక మంచి అడాప్టర్, దానికో ఇండియా ఎక్స్‌టెన్షన్ బోర్డు చాలు. కానీ రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె అన్నీ ఆ ఒక్క అడాప్టర్ మీద పెట్టకండి, కరిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పొగ. రూముల్లో పొగ అలారం ఉంటుంది. ఎండుమిర్చి పోపు మాడితే చాలు. పెద్ద హాస్టళ్ళలో కొన్నిటికి అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటుంది, బండి వచ్చిందంటే బిల్లు మీ దాకా రావచ్చు. పోపు పెట్టేముందు కిటికీ పూర్తిగా తెరవండి, చిమ్నీ ఆన్ చేయండి, వంటగది తలుపు మూసేయండి. పొగ పోవాలని కారిడార్ వైపు తలుపు తెరవడమే అందరూ చేసే తప్పు. అక్కడి డిటెక్టర్ మోగేది అందుకే.

#10 సీమబిడ్డ

మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. నేను కెమ్నిట్స్ వెళ్తున్నాను, వయసు 31. పబ్లిక్ ఇన్సూరెన్స్ స్టూడెంట్ రేటు 30 దాటితే ఇవ్వరంటున్నారు. ప్రైవేటు తీసుకుంటే ఎన్‌రోల్‌మెంట్ ఆగుతుందా?

#11 మందులచీటీ

సీమబిడ్డ గారూ, స్టూడెంట్ రేటు 30 నిండే సెమిస్టర్ దాకానే, నిజమే. మీరు ప్రైవేటు తీసుకోవచ్చు. అయితే యూనివర్సిటీకి ఇన్సూరెన్స్ సమాచారం ప్రభుత్వ ఇన్సూరెన్స్ సంస్థ ద్వారానే ఎలక్ట్రానిక్‌గా వెళ్ళాలి. 'ఈ మనిషికి మా దగ్గర తప్పనిసరి బీమా లేదు' అని కూడా వాళ్ళే పంపాలి. ప్రైవేటు పాలసీ పీడీఎఫ్ అప్‌లోడ్ చేసి ఊరుకుంటే ఎన్‌రోల్‌మెంట్ పెండింగ్‌లోనే ఉంటుంది. ఏదైనా పబ్లిక్ ఇన్సూరెన్స్ సంస్థకి పాలసీ పంపి, మీ యూనివర్సిటీకి ఆ సమాచారం చేరవేయమని అడగండి, డబ్బేమీ తీసుకోరు. పాలసీ ఎంచుకునేటప్పుడు అది రెసిడెన్స్ పర్మిట్‌కి ఒప్పుకునే రకమేనా చూడండి. ప్రయాణ బీమాని 'స్టూడెంట్ ఇన్సూరెన్స్' అని పేరు మార్చి అమ్మేవి ఉంటాయి, వాటిని విదేశీయుల ఆఫీసు తిప్పికొడుతుంది.

30 లోపువాళ్ళకి ఒక హెచ్చరిక. నెలకు కొంత మిగులుతుందని ప్రైవేటుకి వెళ్ళి పబ్లిక్ నుంచి మినహాయింపు రాయించుకుంటే చదువు ముగిసేదాకా వెనక్కి రావడం కుదరదు. వీసా కన్సల్టెన్సీ ప్యాకేజీలో ఉచితంగా ఇచ్చారని సంతకం పెట్టేముందు అదేమిటో చదవండి.

కృష్ణాతీరం, నీ పబ్లిక్ ఇన్సూరెన్స్ మామూలుగా అక్టోబర్ 1 నుంచే మొదలు. 26 నుంచి 30 దాకా నిన్ను కాపాడేది వీసాకి తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్సే. దాని తేదీలు సరిగ్గా ఆ రోజుల్ని కప్పుతున్నాయో లేదో చూడు, ఫ్లైట్ మార్చుకున్నవాళ్ళు దీన్ని మరచిపోతారు.

మందులు మూడు నెలల వాడకానికి మించకుండా, డాక్టర్ చీటీతో, అసలు స్ట్రిప్పుల్లోనే. పారాసిటమాల్ అక్కడ సూపర్ మార్కెట్లో ఉండదు, అపోటెకె అనే మందుల షాపులోనే. చీటీ లేకుండా ఇచ్చేది 500 మిల్లీగ్రాముల 20 బిళ్ళల ప్యాక్. యాంటీబయోటిక్ అడిగి తెచ్చుకునే వీలే లేదు. ప్రాణాపాయమైతే 112, పోలీసు 110, రాత్రిపూట జ్వరం లాంటివాటికి డాక్టర్ కావాలంటే 116117.

#12 నిర్వాహకుడు

దారం బాగా నడుస్తోంది. ఒక్క మనవి: ఫలానా బ్యాంకు చెడ్డది, ఫలానా కన్సల్టెన్సీ మోసం అని పేర్లు రాయకండి, అలాంటి రెండు పోస్టులు తీసేశాను. హైదరాబాద్ నుంచి కలిసి ప్రయాణించేవాళ్ళ కోసం వేరే దారం ఉంది, పాస్‌పోర్టు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు.

#13 లెక్కలక్క

అన్మెల్డుంగ్ ఫారంలో మతం గడి గురించి ఎవరూ చెప్పలేదు. అది ఊరికే గణాంకాల కోసం కాదు, ట్యాక్స్ ఆఫీసుకి వెళ్తుంది. రోమన్ కేథలిక్ అనో, ప్రొటెస్టెంట్ చర్చి సభ్యులమనో నమోదైతే, ఆదాయపు పన్ను కట్టే స్థాయి జీతం వచ్చాక ఆ పన్ను మీద 8 లేదా 9 శాతం చర్చి పన్ను పడుతుంది, రాష్ట్రాన్ని బట్టి. మన కేథలిక్, లూథరన్ కుటుంబాల పిల్లలు దీని గురించి ముందే తెలుసుకుని వెళ్ళాలి. చదువుకునే రోజుల్లో ఆదాయం తక్కువ కాబట్టి భారం కనబడదు, ఉద్యోగంలో చేరాక మొదటి పే స్లిప్పులో కనబడుతుంది.

నమోదైన కొన్ని వారాలకి రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ అని ఉత్తరం వస్తుంది, టీవీ రేడియో చందా, నెలకు 18.36 యూరోలు. టీవీ లేదన్నా కట్టాల్సిందే. మోసమనుకుని చెత్తబుట్టలో వేస్తే బకాయి పెరుగుతుంది. చందా ఇంటికి ఒకటే, మనిషికి కాదు. ఫ్లాట్ పంచుకుంటే ఒకరు కట్టి మిగతావాళ్ళు ఆ నంబరు రాసి పంపాలి. హాస్టల్లో కారిడార్ మీదకి విడిగా తలుపున్న రూమ్ అయితే దాన్నే ఒక ఇల్లుగా లెక్కేస్తారు.

#14 ఓరుగల్లు_పోరడు

ఉద్యోగం గురించి అడగలే గని అడుగుతవ్, అందుకే చెప్తున్న. ఏడాదికి 140 పూర్తి రోజులు లేకపోతే 280 సగం రోజులు పని చెయ్యొచ్చు. యూనివర్సిటీల ప్రొఫెసర్ దగ్గర చేసే హీవీ (స్టూడెంట్ అసిస్టెంట్) పని ఈ లెక్కల రాదు. కనీస వేతనం 2026ల గంటకు 13.90 యూరోలు. ట్యాక్స్ నంబర్ పోస్టుల రెండు నుంచి నాలుగు వారాలకొస్తది. అది లేకుండ పనిల చేరితే జీతంల ఎక్కువ కోత పడొచ్చు, తర్వాత సర్దుతరు గని అప్పటిదాంక చేతుల తక్కువే. మొదటి వారంల పని ఎతకకు, కాయితాలు కానీ.

#15 ఎల్బేగట్టు

యూనివర్సిటీ వైపు రెండు మాటలు. యూనివర్సిటీ మెయిల్ ఐడీ వచ్చిన రోజే తెరువు, ఆ తర్వాత జీమెయిల్‌కి ఏ నోటీసూ రాదు. కోర్సులో పేరు నమోదు చేసుకోవడం, పరీక్షకి నమోదు చేసుకోవడం రెండూ వేరు. క్లాసులన్నీ విని, పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటేస్తే ఆ సెమిస్టర్‌లో ఆ సబ్జెక్టు రాయలేవు. మన దగ్గర కాలేజీయే హాల్ టికెట్ ఇస్తుంది, అక్కడ ఎవరూ గుర్తుచేయరు. ఒక సబ్జెక్టుకి సాధారణంగా మూడే ప్రయత్నాలు, మూడోది కూడా పోతే ఆ కోర్సు నుంచే బయటికి. నీ కోర్సు ప్రూఫుంగ్స్‌ఓర్డ్నుంగ్, అంటే పరీక్షల నియమావళి పీడీఎఫ్ దింపుకుని ఆ పేజీ ఒక్కటైనా చదువు.

టైమ్‌టేబుల్లో 9 పక్కన 'సి.టి.' అని ఉంటే క్లాసు 9:15కి, 'ఎస్.టి.' అని ఉంటే సరిగ్గా 9కి.

రెసిడెన్స్ పర్మిట్‌కి వీసా ముగిసే ముందు రెండు నెలలైనా మిగిలుండగానే అప్లై చెయ్యి. ఫీజు 100 యూరోలు. అమీర్‌పేటలో పాతిక ఫోటోలు తీయించుకోవద్దు: 2025 మే నుంచి ఆ ఆఫీసులు డిజిటల్ ఫోటోనే తీసుకుంటున్నాయి, అక్కడి మిషన్లోనో, గుర్తింపు ఉన్న స్టూడియోలోనో తీయించి కోడ్ చూపించాలి. కార్డు వచ్చేలోపు వీసా గడువు ముగిసేలా ఉంటే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అడుగు, అది నీ హక్కు కొనసాగుతోందని చెప్పే తాత్కాలిక కాగితం.

#16 కృష్ణాతీరం

అన్నీ నోట్ చేసుకున్నాను. అపాయింట్‌మెంట్ 6వ తేదీకి దొరికింది. నెయ్యి గురించి అమ్మకి చెప్పడమే మిగిలింది. రూమ్ తాళం తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

#17 వంటింటి_సైంటిస్టు

యూబర్‌గాబెప్రోటోకోల్ అని రూమ్ అప్పగింత పత్రం మీద సంతకం పెట్టమంటారు. పెట్టేముందు గోడ మీద గీతలు, పరుపు మరకలు, కిటికీ అంచున బూజు, స్టవ్ పలక పగుళ్ళు, సింకు లీకేజీ, అన్నీ అందులో రాయించి ఫోటోలు తీయండి. రాయనిది వెళ్ళేటప్పుడు మీ డిపాజిట్లోంచి పోతుంది. ఫర్నిచర్ ఉన్న రూమ్ అంటే మంచం, బల్ల, బీరువా. దిండు, దుప్పటి, గిన్నె ఉండవు. 1వ తేదీ రాత్రికి ఒక పల్చటి దుప్పటి, బెడ్‌షీట్ సూట్‌కేసులోనే ఉంచండి.

హీటర్ నాబ్ మీద 3 అంటే దాదాపు 20 డిగ్రీలు. 5లో పెడితే తొందరగా వేడెక్కదు, అక్కర్లేనంత వేడెక్కుతుంది. రోజుకు రెండు మూడు సార్లు హీటర్ తగ్గించి కిటికీ బార్లా తెరిచి అయిదు నుంచి పది నిమిషాలు గాలి ఆడనివ్వండి. రూములో బట్టలు ఆరేసి కిటికీ మూసుకుంటే నెలలోపే మూలల్లో నల్ల బూజు, ఆ ఖర్చు మీదే.

#18 రైలుపిచ్చి

తలుపు గురించి కూడా చెప్పాలి. అక్కడి తలుపు లాగితే చాలు, లాక్ పడిపోతుంది, బయట నుంచి పిడి తిరగదు. చెత్త పారేయడానికి వెళ్ళినా తాళంచెవి జేబులో ఉండాలి. తలుపు మూసుకుపోతే ముందు హౌస్‌మైస్టర్‌కి, హాస్టల్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి. ఆ నంబరు నోటీసు బోర్డు మీద ఉంటుంది, తాళం తీసుకున్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి. వెతికితే మొదట వచ్చే ప్రకటనల్లోని తాళాలవాళ్ళు రాత్రిపూట, ఆదివారం వందల యూరోలు అడుగుతారు. పిలవక తప్పకపోతే వచ్చేముందే ఫోన్‌లో మొత్తం ఎంతో అడిగి, ఊరి పేరున్న లోకల్ షాపునే పిలవండి. ఊరికే మూసుకుపోయిన తలుపైతే లాక్ పగలగొట్టాల్సిన పని మామూలుగా ఉండదు. 'డ్రిల్ చేయాలి' అని మొదట్లోనే అంటే వద్దనండి.

#19 కృష్ణాతీరం

ఎమర్జెన్సీ నంబరు హాస్టల్ వెబ్‌సైట్‌లో దొరికింది, సేవ్ చేసుకున్నాను. హౌస్‌మైస్టర్ కూడా జవాబిచ్చారు: గురువారం 9 నుంచి 11 మధ్య రమ్మన్నారు, పాస్‌పోర్టు, డిపాజిట్ కట్టిన రసీదు తెమ్మన్నారు.

#20 లెక్కలక్క

రసీదు ప్రింటు తీసుకెళ్ళండి, ఫోన్‌లో చూపిస్తే చాలనుకోవద్దు. ఇండియా బ్యాంకు నుంచి స్విఫ్ట్‌లో పంపారు కదా, మధ్య బ్యాంకు ఛార్జీ కోసుకుని పది, పదిహేను యూరోలు తక్కువ చేరి ఉంటే తాళం ఇవ్వకుండా ఆపుతారు. మొత్తం పూర్తిగా చేరిందో లేదో ఈ వారమే మెయిల్‌లో అడిగి తెలుసుకోండి.